కల్లం మీద పసుపు రంగు

గుమ్మనపాడు,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు క్రిస్టీనా ప్రభువు పేరట వందనాలు చెప్పి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమమే, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. మా క్షేమం ఒంటి వరకు నిజం. మిగతాది ఉత్తరం చదివాక నువ్వే తేల్చుకో.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నీతో ఏదీ చివరిదాకా చెప్పలేం. సగంలో "అయ్యో" అంటావు, వెనకాల హాస్టల్ పిల్లలు పళ్లేలు మోగిస్తుంటారు, అంతలో నీకు పొయ్యి మీది పప్పు గుర్తొస్తుంది. అందుకని కాగితం తీసుకున్నాను. నీ బైబిలులో అక్షరాలంత పెద్దగా రాస్తున్నాను. నిదానంగా చదువు.

పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. తలనొప్పి తగ్గింది. ఎండలో కొలతలకు వెళ్లినప్పుడు టోపీ పెట్టుకుంటున్నాను. ఊళ్లో పిల్లలు వెనక నుంచి "టోపీ సర్వేయరమ్మా" అని అరుస్తారు, అరవనీ. అన్నం వేళకే తింటున్నాను. నువ్వు పంపిన ఎండు నెత్తళ్లు చేరాయి, గదంతా మీ కొత్తపట్నం చేపల వాసన ఇంకా పోలేదు. పెళ్లి సంగతి మళ్లీ అడిగావు. దానికి పోయినసారి రాసిన జవాబే ఈసారీ.

మ్యాపులో పాస్టరు గారి ఇంటి మీద చెరువుందని మీ అక్క, అదే మా వీరమ్మ పెద్దమ్మ, నీకు ఫోన్ చేసి చెప్పిందట. అదేం వింత, అసలు ఆ మ్యాపులు ఎవరు గీస్తారు, వాళ్లకు మన ఊరు తెలుసా అని అడిగావు. తెలియదు. తెలియనవసరం లేదని వాళ్ల ఉద్దేశం. ఊరి మీద డ్రోను ఎగిరి ఫొటోలు తీస్తుంది. వాటినన్నిటినీ కలిపి ఒక్క బొమ్మ చేసి నగరంలో ఒక కంపెనీకి పంపుతారు. అక్కడ ఏసీ గదిలో కూర్చున్నవాళ్లు కంప్యూటరులో ఒక్కో ముక్క చుట్టూ గీత గీసి రంగు వేస్తారు. ఇళ్లకు పసుపు, పొలాలకు ఆకుపచ్చ, నీళ్లకు నీలం. ఊరు ఇకమీదట ఎటు పెరగాలి, ఎక్కడ ఇళ్లు కట్టుకోవచ్చు, ఎక్కడ కట్టకూడదు, రోడ్డు ఎటు పోవాలి అనేది ఆ రంగులు చూసి జిల్లా ప్రణాళిక ఆఫీసు, పంచాయతీ కలిసి తేలుస్తాయి. ఆ రంగు నిజమా కాదా అని నేల మీదికెళ్లి చూసి, ఫొటో తీసి, ట్యాబ్‌లో నొక్కడం గ్రామ సచివాలయం సర్వేయరుగా నా పని. నేను ఏది నొక్కితే అదే ఖాయమవుతుంది.

పాస్టరు గారు ఇల్లు కారుతోందని పైన నీలం పట్టా కప్పుకున్నారు. వాళ్ల లెక్కలో నీలం అంటే నీళ్లు. అంతే, ఇల్లు చెరువైపోయింది. ఆయనకు చూపిస్తే, "మళ్లీ నోవహు కాలం వచ్చినట్టుంది, ఓడ మొదలుపెట్టాలి" అని నవ్వారు. నేను వెళ్లి ఫొటో తీసి, ఇల్లు అని నొక్కాను. ఆ రోజే సరైపోయింది. ఎవరూ ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ చెరువుతో ఎవరికీ పని లేదు.

కల్లం సంగతి అలా కాలేదు. నీకు సగం తెలుసు, మొదటినుంచీ రాస్తాను. డ్రోను మొదట ఎగిరింది మార్చిలో. అప్పుడు మన పాలెం పక్కన కల్లం ఎలా ఉంటుందో నీకు చెప్పాలా? పట్టా పక్కన పట్టా, అంతా ఆరబోసిన ఎర్ర మిరపకాయ. కంపెనీవాళ్లు ఎర్రగా, నలుచదరంగా కనిపించినదల్లా పెంకుటిల్లు అనుకున్నారు. పట్టాల మధ్య నడవడానికి వదిలిన దారులు వాళ్లకు సందుల్లా కనిపించాయి. మ్యాపు వచ్చి సచివాలయం గోడ మీద అంటించేసరికి కల్లం మొత్తం పసుపు రంగు పూసుకుని కాలనీ అయి కూర్చుంది. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకున్నా మనకు రాని ఇళ్లు మిరపకాయలకు వచ్చేశాయి.

ఆ మ్యాపు ముందు జనం తిరణాలకు వచ్చినట్టు వచ్చారు. ఎవరి ఇల్లు ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కున్నారు. గొడ్ల చావిడికి కూడా పసుపు రంగు పడిందని ఒకాయనను అందరూ ఆటపట్టించారు. మీ తమ్ముడు సాల్మన్ మామయ్య సర్పంచ్ అయ్యాక నడక కూడా మార్చాడు కదా, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు. కల్లం దగ్గర వేలు ఆగింది. నేను ఇది తప్పండీ, దిద్దాలి అని నోరు తెరిచేలోపే అన్నాడు:

"ఏమ్మా క్రిస్టీనా, ఇది దేవుడు చేసిన తప్పు. మనం దిద్దకూడదు."

ఆయన ఆలోచన నీకు తెలుసు. అది సర్కారు నేలే అయినా రికార్డులో కల్లం అని ఉన్నంతకాలం ఇళ్ల స్థలాలుగా ఇవ్వరు. మ్యాపులో పసుపు రంగు ఖాయమైతే ఇస్తారు. పాలెంలో ఒక్కో ఇంట్లో మూడేసి కాపురాలు ఉంటున్నాయి, మామయ్య అడగడంలో అన్యాయం ఏమీ లేదు. ఆ సాయంత్రానికే నోటిమాటగా పంపకాలు కూడా అయిపోయాయి. నువ్వు ఫోన్‌లోనే రోడ్డు మూల కోరుకున్నావు. "మోకాళ్లు ఇంక నడవనీయట్లేదే, ఆటో దిగితే గుమ్మం రావాలి" అన్నావు. మామయ్య ఆ మూల మా అక్కదే అని అందరి ముందూ చెప్పాడు. నువ్వు హాస్టల్ పిల్లలకు కూడా చెప్పుకున్నావని, వాళ్లు నీకు గుమ్మం ముందు ఏ పూలమొక్క వేయాలో కూడా తేల్చారని విన్నాను. నన్ను అడిగినప్పుడు నేను "చూద్దాంలే" అన్నాను. నువ్వు దాన్ని సరేనన్నట్టు తీసుకున్నావు. తీసుకుంటావని నాకూ తెలుసు.

పేచీ జిల్లా ఆఫీసులో మొదలైంది. అక్కడ జ్యోతిర్మయి మేడం అని మా పై అధికారి ఉంది. ఆమె ఒక మ్యాపు మీద ఇంకో మ్యాపు పెట్టి చూస్తుంది. ఇళ్ల మ్యాపు మీద కరెంటు మ్యాపు పెట్టిందట. నాకు ఫోన్ చేసింది.

"క్రిస్టీనా, మీ ఊళ్లో కొత్త కాలనీలో ఒక్క మీటరు కూడా లేదేంటి? దీపాలు పెట్టుకుని బతుకుతున్నారా?"

అది మిరప కల్లం మేడం అని చెప్పాను. అయితే ఆగస్టులో మళ్లీ డ్రోను పంపుతాం, నువ్వు దగ్గరుండి చూసి ఖాయం చెయ్యి అంది. ఆ మాట ఊళ్లో తెలిసింది. ఎలా తెలిసిందని అడగకు, మన ఊరు సంగతి నీకు తెలియనిది కాదు.

ఆగస్టులో కల్లం అంటే గడ్డి, మేకలు, క్రికెట్ ఆడే పిల్లలు. అప్పటికి ఒక్క మిరపకాయ ఉండదు. డ్రోను ఎగిరితే ఖాళీ నేల పడుతుంది, పసుపు రంగు పోతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే కూటం పెట్టారు. మగవాళ్లు ఎమ్మెల్యే దగ్గరికి పోదామని ఒకరు, గుడిసెలు వేసేద్దామని ఒకరు మాట్లాడుతుంటే మా పెద్దమ్మ లేచింది.

"దానికి కావాల్సింది ఎరుపేగా? ఎరుపే పెడదాం. ఇంట్లో ఎర్ర చీర లేని ఆడది ఎవత్తే ఇక్కడ?"

అమ్మా, నిజంగా చేశారు. డ్రోను వచ్చే రోజున పొద్దున్నే పాలెం ఆడవాళ్లంతా ఎర్ర చీరలు తెచ్చి కల్లంలో వరసలుగా పరిచారు. చీరలు చాలక దుప్పట్లు, ఎర్రగా ఉన్న ఫ్లెక్సీలు, చర్చి వార్షికోత్సవానికి తెచ్చిన తివాచీ కూడా వేశారు. నీ పెట్టె తాళం పెద్దమ్మ దగ్గరే ఉంది కాబట్టి నీ ఎర్ర చీరా అందులోకి వచ్చింది. గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెట్టారు. రోడ్డు మూల మీద నీ స్థలంలో పరిచింది నీ చీరే, పెద్దమ్మ పట్టుబట్టి అక్కడే వేయించింది.

డ్రోను నడిపే ఇమాం హుస్సేన్ వినుకొండ మనిషి. నెమ్మదస్తుడు, ఎక్కువ మాట్లాడడు. డ్రోను పైకి లేపి, చేతిలో తెరను మొహం దగ్గరికి తెచ్చుకుని చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మేడం, ఇంటి పైకప్పులకు జరీ అంచులుంటాయా?"

ఇంకాసేపటికి, "ఒక కప్పు మీద మేకెక్కింది మేడం. కప్పు నములుతోంది" అన్నాడు. నేను నవ్వేశాను. ఆపుకోవాలని చూశాను, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. కల్లం అంచున నిలబడి ఆడవాళ్లూ నవ్వుతున్నారు. మా పెద్దమ్మ ఆకాశం వంక చూసి డ్రోనుకు దణ్ణం పెట్టింది. అంత సంతోషంగా పాలేన్ని నేను క్రిస్మస్‌కి కూడా చూడలేదు.

ఇమాం హుస్సేన్ తీసింది తీసినట్టు పంపాడు. అతని పని అంతవరకే. కంపెనీవాళ్లు ఆ ఫొటోలు చూసి మళ్లీ పసుపు రంగే వేశారు, మేకతో సహా. జ్యోతిర్మయి మేడం ఫోన్ చేసింది.

"ఎర్రగా ఏవో ఉన్నాయి. ఇళ్లా, కాదా? నువ్వు ఇళ్లని ఖాయం చేస్తే నేను ఇంక అడగను. బాధ్యత నీది."

ఆ మర్నాడు శివపార్వతి సచివాలయానికి వచ్చింది. ఊళ్లో పెద్ద వీధి చివరింటి కోడలు, వాళ్లకు సొంత పొలం లేదు, నాలుగేళ్లుగా మిరప కౌలుకు చేస్తున్నారు. నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు నేను వాళ్ల అరుగు మీద కూర్చుంటే వాళ్ల అత్త నీళ్లు చల్లి కడిగించింది. ఆ ఇంటి మనిషి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వచ్చి నన్ను "మేడం" అంది. పనిబడితే అందరం మేడాలమే అనుకున్నాను. ఆ అనుకున్నది కూడా రాస్తున్నాను, నాకేమీ పెద్ద మనసు లేదు.

"మేడం, మీవోళ్లకి ఇళ్లొస్తే నాకు ఏడుపేం లేదు. గాని కాయ యాడ ఆరబోసుకోవాల? పోయినేడు కల్లంలో చోటు చాలక రోడ్డు మీద పోశాం. లారీ ఎక్కి తొక్కింది తొక్కగా, మిగిలింది దుమ్ముకొట్టి తాలుకాయ రేటుకి కూడా అడగలా. కల్లం లేదంటే మాకు చేను కౌలుకియ్యరు. మీ పాలెంలో కౌలుకి చేసేవోళ్లకి మాత్రం ఇస్తారా?"

సాయంత్రం ఇదే మాట మా పెద్దమ్మను అడిగాను. ఆమె కూడా ఎకరం కౌలుకు చేస్తోంది కదా.

"రోడ్డు మీద పోసుకుంటాం. ఊళ్లో సగం మంది పోసుకోట్లా? ముందు తల దాచుకోనియ్యవే" అంది. "కాయ సంగతి మార్చిలో చూద్దాం."

ఇక్కడ నువ్వు అడిగిన మిగతా సంగతులు కూడా రాసేస్తాను. ఈ ఏడు పత్తి బాగానే పట్టింది, తీతకు మనుషులు దొరకట్లేదు. మిరప నాట్లు వేశాక వాన పడింది, కొన్ని చేలల్లో మొక్క కుళ్లింది, మళ్లీ నాటారు. చర్చి మైకు బాగుచేయించారు, ఇప్పుడు పాస్టరు గారి దగ్గు కూడా ఊరంతా వినిపిస్తోంది. నీ మోకాళ్లకు ఆ నూనె ఆపకు. హాస్టల్లో పెద్ద గిన్నెలు నువ్వు ఎత్తొద్దని వార్డెను గారికి నేను రాస్తానంటే వద్దంటావు. ఎత్తొద్దు.

ఇంతవరకు రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. అసలు సంగతి దాటేయడానికి ఇంక వేరే సంగతులేమీ మిగల్లేదు.

నువ్వు ఉత్తరం చివర అడిగావు, మ్యాపులో మన మూల ఇంకా పసుపు రంగులోనే ఉందా అని. లేదమ్మా. ఆకుపచ్చ అయిపోయింది. మార్చింది కంపెనీవాళ్లు కాదు, జ్యోతిర్మయి మేడం కాదు. నేను మార్చాను. ట్యాబ్ పట్టుకుని కల్లంలోకి వెళ్లి, నువ్వు కోరుకున్న మూల మీదే నిలబడి, ఖాళీ నేల ఫొటో తీసి, ఇక్కడ ఇళ్లు లేవు, ఊరందరూ మిరపకాయ ఆరబోసుకునే కల్లం అని రాసి నొక్కాను.

శివపార్వతి కోసం చేశానని అనుకోకు. న్యాయం కోసమని రాస్తే నువ్వు నమ్మవు, నేనూ నమ్మను. ఇళ్లు లేనిచోట ఇళ్లున్నాయని నా చేత్తో ఖాయం చేస్తే, రేపు ఇంకెవరో వచ్చి వాగు ఉన్నచోట వాగు లేదని రాయమంటారు. ఏ మొహంతో కాదంటాను? ఆ భయం ఒకటి. మార్చి వచ్చేసరికి పెద్దమ్మ కాయ రోడ్డు మీద ఉంటుందని, దాని కింద నా పేరుంటుందని ఇంకొకటి. నీ ఇల్లు నాకు గుర్తు రాలేదని మాత్రం రాయను. గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే నొక్కాను.

తర్వాత జరిగింది చెబుతాను. సాల్మన్ మామయ్య సచివాలయానికి వచ్చి అందరి ముందూ అడిగాడు.

"ఎవరు నేర్పిన బుద్ధే నీకిది? చదివించింది ఇందుకా?"

నేను పాలెం వెనక బంజరు చూపించాను, అది ఇళ్లకు పెట్టమని నేనే పైకి రాశానన్నాను. ఆఫీసులో అది వాన నీళ్లు పారే పల్లమని కొట్టేశారు, వాళ్లు చెప్పింది నిజమే. చివరికి ఇళ్ల స్థలాలు ఊరికి దూరంగా రాళ్ల క్వారీ పక్కన ఇచ్చారు. మామయ్య అప్పటినుంచి నాతో ఆఫీసు మాటలే, అవీ "సర్వేయరు గారూ" అని. పెద్దమ్మతో అదీ లేదు. చర్చిలో నేను కూర్చున్న వరసలోనుంచి లేచి వెళ్లి వెనక కూర్చుంటుంది. ఒక్కసారి మాత్రం నీళ్ల దగ్గర ఎదురుపడి, నా మొహం చూడకుండా అడిగింది: "మీ అమ్మకి చెప్పావా?"

చెప్పలేదు. రెండు నెలలుగా నీతో ఫోన్‌లో మాట్లాడుతూనే చెప్పలేదు. పెద్దమ్మ కూడా నీకు చెప్పలేదని తెలుసు. నా మీద జాలితో కాదు, నా నోటితోనే చెప్పాలని.

క్వారీ దగ్గర నీకూ స్థలం వచ్చింది. కొలిచింది నేనే, ఇంకెవరున్నారు? నీ నాలుగు హద్దు రాళ్లు నా చేతులతోనే పాతాను. మంచి చోటు అని అబద్ధం రాయను. ఆకుల మీద కూడా తెల్లగా రాతి దుమ్ము. బండలు పేల్చినప్పుడు నేల అదురుతుంది. ఆటోలు అక్కడిదాకా రావు, మెయిన్ రోడ్డు దగ్గరే దింపేస్తారు, అక్కడినుంచి నువ్వు ఆ మోకాళ్లతో ఎక్కుడు దారిలో నడవాలి. రాళ్లు పాతడం అయ్యాక కూలీలను పంపేసి వాటి మధ్య కూర్చుని ఏడ్చాను. అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను.

చేసింది మళ్లీ చేయాల్సి వస్తే మళ్లీ అదే చేస్తానేమో. అందుకని నన్ను క్షమించమని అడగడం లేదు. ఆ స్థలం నీకు వద్దంటే వద్దని రాయి, కావాలంటే కావాలని రాయి, నన్ను తిట్టాలంటే పేజీల కొద్దీ తిట్టు. ఏదో ఒకటి రాయి. ఊరంతా నాతో మాట్లాడకపోయినా ఉండగలనని ఈ రెండు నెలల్లో తెలిసింది. నువ్వు మాట్లాడకపోతే ఉండలేనమ్మా.

ఇట్లు,
నీ ఇంటి మూల పోగొట్టిన
నీ కూతురు
క్రిస్టీనా